పరుపులాయన వాళ్లమ్మ

ప్రూఫులు ఇంటికొచ్చేసరికి కత్తెరమ్మ తల తుడుచుకుంటోంది. తువ్వాలు అలాగే చుట్టుకుని కవరు చింపింది. ఇన్నేళ్లూ ఊళ్లో వాళ్లందరి పుస్తకాల ప్రూఫులూ చూసిన మనిషే, కానీ సొంత పుస్తకం ప్రూఫు చేతికి రావడం ఇదే మొదలు. పై కాగితం మీద తన పేరు చూసుకుంది. ఎవరూ చూడట్లేదు కదా అని ఒకసారి దగ్గరికి తీసుకుని వాసన కూడా చూసింది. అట్ట నమూనా బాగుంది. పసుపు రంగు మీద పాత కుట్టుమిషను బొమ్మ, సూది కింద సగం కుట్టిన గుడ్డ.

కత్తెరమ్మ అన్నది ఆఫీసులో పడిన పేరు. వ్యాపారం పుస్తకాలు వేసే సంస్థలో ఎడిటరుగా ఉన్నన్నాళ్లూ, ఫ్యాక్టరీల వాళ్లూ కంపెనీల వాళ్లూ బస్తాలకొద్దీ తెచ్చి పోసిన సొంత గొప్పల్ని సగానికి కోసి, మిగిలిన సగాన్ని మనుషులు చదివేటట్టు చేయడమే ఆమె పని. ఆ కుర్చీ వదిలేసి ఇప్పుడు తనే ఒక పుస్తకం రాసింది. చిన్న చిన్న దుకాణాల గురించి: తాళాలు బాగుచేసేవాడు, గొడుగులు అమ్మే అక్కాచెల్లెళ్లు, అద్దాలు కోసే ముసలాయన. శుక్రవారం అది అచ్చుకి వెళ్లాలి.

మొదటి అధ్యాయం మొదటి పేజీ మార్జిన్లో పెన్సిలు రాత కనిపించింది.

"మేడమ్, ఈ సంఘటన పరుపులాయన పుస్తకంలో ఉంది. ఆయన అనుమతి తేవాలి, లేకపోతే తీసేయాలి."

అక్షరాలు చిన్న ఎడిటర్‌వి. ఆమె దగ్గరే పని నేర్చుకుని, ఆమె వెళ్లాక ఆమె కుర్చీలోనే కూర్చున్న కుర్రాడు. "ఏ ఉదాహరణ కనిపించినా ఇంతకుముందు ఎక్కడైనా వచ్చిందేమో చూడు" అని వాడికి నూరిపోసింది ఆమే. పరుపులాయనంటే పరుపుల కంపెనీ పెట్టి పైకొచ్చిన పెద్దమనిషి, ఆయన జీవితం మీద పుస్తకం వేసింది కూడా ఈ సంస్థే.

లోపల్నుంచి మొగుడు వచ్చాడు, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ. అతను లిఫ్టు మెకానిక్. వాళ్లకి పెళ్లయి ఇంకా మూడు నెలలు నిండలేదు. పొద్దున్నే స్నానాలగదిలో రెండు బ్రష్షులు ఒకే గ్లాసులో ఒకదానికొకటి ఆనుకుని కనబడితే కత్తెరమ్మకి ఇప్పటికీ ఏదో దొంగతనంగా దొరికిన సొత్తులా అనిపిస్తుంది.

"ఏంటి, నీ పుస్తకంలో తప్పులు నువ్వే పట్టుకున్నావా?" అన్నాడు.

"మా పిన్ని కథ పరుపులాయనదట. ఆయన్ని అడిగి వేసుకోవాలట."

"మీ పిన్ని పరుపులు కూడా కుట్టేదా?"

"నవ్వకు. ఒళ్లు మండిపోతోంది."

అతను నవ్వలేదు గానీ, తువ్వాలు విప్పి ఆమె తల తనే తుడవడం మొదలుపెట్టాడు. ఇంకోరోజైతే ఆమె కళ్లు మూసుకుని నిలబడేది. ఇవాళ తువ్వాల్లోంచి తల లాక్కుని కిటికీ దాకా వెళ్లింది, తలుపు దాకా వచ్చింది, మళ్లీ కిటికీ దాకా వెళ్లింది.

"కాలుగాలిన పిల్లిలా తిరక్కు. జారతావ్, నేల తడిగా ఉంది" అన్నాడతను.

కథ చిన్నదే. పిన్నికి బట్టలు కుట్టే దుకాణం ఉండేది. సెలవులకి వెళ్లినప్పుడు కత్తెరమ్మ గుడ్డలు కత్తిరించే బల్ల కింద, పీలికల గుట్ట మీద కూర్చుని ఆడుకునేది. ఒకరోజు పెద్ద హోటల్ నుంచి మనిషి వచ్చాడు. హోటల్లో పనివాళ్లందరికీ బట్టలు కుట్టాలి, ఈ పని తీసుకుంటే పిన్ని దశ తిరుగుతుంది. పిన్ని కాదంది. ఆ సాయంత్రానికి ఒక బడిపిల్లకి గౌను ఇస్తానని మాటిచ్చింది కనక కాదంది. బల్ల కిందనుంచి చిన్నప్పటి కత్తెరమ్మ చూసింది పిన్ని పాదాల్ని, వాటికి ఎదురుగా మెరుస్తున్న బూట్లని. బూట్లు వెనక్కి తిరిగి వెళ్లిపోయాయి. పిన్ని పాదాలు కదల్లేదు.

పరుపులాయన పుస్తకంలో ఆ పాదాలు వాళ్లమ్మవి.

*

"పుస్తకం ఆయనది ముందొచ్చింది కదా మేడమ్" అన్నాడు చిన్న ఎడిటర్ మర్నాడు ఆఫీసులో. ఆమె నిలబడే ఉందని తనూ లేచి నిలబడ్డాడు. బల్ల మీద ఆమె పాత పెన్సిలు చెక్కుడు మిషను అక్కడే ఉంది.

"ముందే వచ్చింది. అందులో ఆ కథ ఎవరు పెట్టారనుకున్నావ్?"

"మీరు ఎడిట్ చేశారని తెలుసు."

"ఎడిట్ కాదు. దూది."

కుర్రాడి మొహం మారింది. దూది అన్నది ఆ ఆఫీసు మాట. రాసినాయన దగ్గర విషయం ఉంటుంది, ఉదాహరణ ఉండదు. అధ్యాయం మధ్యలో కుంగిపోకుండా ఎడిటరు తన దగ్గరున్నదేదో ఒకటి కుక్కి, చుట్టూ ఆకుపచ్చ గీత గీస్తుంది. ఇలాంటిది మీ జీవితంలోంచి ఒకటి చెప్పండి అని దానర్థం. అసలుది రాగానే దూది తీసేస్తారు. తీయకుండా అచ్చుకి పంపడం ఆ ఆఫీసులో ఎవరూ చేయని పని.

"తీయలేదా మేడమ్?" కడుపులో కత్తెర మర్చిపోయిన డాక్టర్ని చూసినట్టు చూశాడు.

"ఆయన చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇది ఉండనీ అమ్మాయ్ అన్నాడు. అప్పటికే అక్కడ 'మా అమ్మ' అని రాసి ఉంచాను, ఆయన గొంతులో చదవడానికి వీలుగా ఉంటుందని." కుర్చీ వీపు పట్టుకుంది, వదిలేసింది. "నాకూ బాగానే అనిపించింది. నేను రాసిన దానికి ఒక పెద్దమనిషి ఏడ్చాడు."

"కాఫీ మగ్గుల మీద కూడా వేశారు కదా" అన్నాడు వాడు మెల్లిగా. "'కాదన్న చేతికే పని విలువ తెలుసు' అని. శిక్షణ తరగతుల్లో చెప్తారు. మా ఇంట్లో కూడా ఒకటుంది."

"ఆ వాక్యం నాదే."

"అందుకే మేడమ్. మీది చదివినవాళ్లు కాపీ కొట్టారంటారు. పుస్తకం మొదటి పేజీలోనే. అట్ట మీద మిషను బొమ్మ కూడా ఉంది." వాడు తల దించుకున్నాడు. "ఆయన్ని ఒక మాట అడగండి. లేదంటే గొడుగుల అక్కాచెల్లెళ్లని ముందుకి తెద్దాం. అట్ట మార్చుకోవచ్చు, గురువారం సాయంత్రం దాకా టైముంది."

వాడు చెప్పిందాంట్లో ఒక్క మాట తప్పులేదు. తప్పుంటే బాగుండేది. ఆమె మెట్లు రెండేసి చొప్పున దిగి వీధిలో పడింది.

*

పరుపులాయన తన దుకాణం పై అంతస్తులో మనుషుల్ని కలుస్తాడు. ఆ గదిలో కుర్చీలుండవు. వచ్చినవాళ్లు పరుపుల మీదే కూర్చోవాలి. కత్తెరమ్మ కూర్చోగానే మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి.

"ఎలా ఉంది?" అన్నాడాయన.

"మెత్తగా ఉంది సార్."

"అది నడుంనొప్పి వాళ్లది. పక్కదాని మీద కూర్చో తల్లీ, నువ్వు చిన్నదానివి." ఆమె లేవడానికి చేయిచ్చాడు. మంచివాడే. ఆ మంచితనమే ఆమెకి అడ్డం పడుతోంది.

మారిన పరుపు మీద కాస్త నిటారుగా కూర్చుని విషయం చెప్పింది. ఆయన తల ఊపుతూ విన్నాడు. హోటల్ మాట వచ్చేసరికి చెయ్యెత్తి ఆపాడు.

"ఆరోజు వాన" అన్నాడు. "నువ్వు అది రాయలేదు అప్పుడు. నాకు తర్వాత గుర్తొచ్చింది. అమ్మ గుమ్మంలో నిలబడింది, చీర చెంగు తడిసిపోతోంది. వెనకనుంచి నేను చెంగు పట్టుకుని లాగుతున్నాను, ఒప్పుకోమ్మా అని. అమ్మ వినలేదు." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"సార్, ఆవిడ మా పిన్ని. మీ ఆఫీసులోనే కూర్చుని చెప్పాను. దానికి ఆకుపచ్చ గీత కూడా గీశాను. మీరు మీ అమ్మగారి గురించి వేరే ఏదైనా చెప్తారని..."

పరుపులాయన కోపం తెచ్చుకోలేదు. తలకి గాయమైన పిల్లని చూసినట్టు చూశాడు.

"అందరికీ అలాగే అనిపిస్తుందమ్మా. మొన్నొకాయన వచ్చి అది వాళ్ల బామ్మ అన్నాడు. అన్నీ గుర్తున్నాయట. ఆ కథ గొప్పదనం అదే. ఎవరికి వాళ్ల మనిషే కనిపిస్తుంది."

గోడ మీద ఫోటోలో బక్కపలచని ముసలావిడ కుర్చీ అంచు మీద కూర్చుని ఉంది. కత్తెరమ్మ ఆవిడ కళ్లలోకి చూసి గబుక్కున తల తిప్పుకుంది. ఈవిడ నిజంగా ఏం చేసి కొడుకుని పెంచిందో తను ఎప్పుడూ అడగలేదు. ఇంకో నాలుగు ప్రశ్నలు వేసి ఉంటే ఆయనకి అసలుది దొరికేదేమో. దూది అంత సుఖంగా ఉంటే అసలుది ఎవరు వెతుక్కుంటారు.

"నువ్వు వాడుకో" అన్నాడాయన, కాగితం మీద రాసి సంతకం చేస్తూ. "నేను కాదనను. మా అమ్మది అని మాత్రం వెయ్యి. కావాలంటే ముందుమాట కూడా రాస్తాను."

దొంగకి తేలు కుట్టినట్టయింది. కిక్కురుమనకుండా కాగితం సంచీలో పెట్టుకుని బయటికొచ్చింది.

*

"అనుమతి దొరికింది. ఇంకేంటి బాధ?" అన్నాడు లిఫ్టు మెకానిక్, బ్రెడ్డు ముక్కకి ఈ మూల నుంచి ఆ మూల దాకా జామ్ పూస్తూ. అంచులు కూడా వదలడు. ఆ శ్రద్ధ చూస్తే ఆమెకి ముద్దొస్తుంది, చిరాగ్గా ఉన్నప్పుడు కూడా.

"నా పుస్తకంలో మా పిన్నిని ఆయన అమ్మ అని వేయాలి."

"వద్దంటే?"

"తీసేయాలి. అది తీసేస్తే పుస్తకమే లేదు. నేను రాయడం మొదలుపెట్టిందే ఆ బల్ల కింద నుంచి."

అతను ముక్క ఆమె నోటికందించాడు. "మీ పిన్ని బతికే ఉంది కదా. ఆవిడ చెప్తే సరిపోదా? ఇది నా కథ అని ఒక ముక్క రాసిస్తే మీ చిన్న ఎడిటర్ నోరెత్తుతాడా?"

ఈ మాట తనకెందుకు తట్టలేదా అనుకుంది నములుతూ. ప్రపంచమంతా పరుపులాయన్ని నమ్మితే నమ్మనీ, పిన్ని ఒక్క మాట చెబితే చాలు. నోట్లో ముక్క మింగకుండానే చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది.

*

పిన్ని ఇప్పుడు ఒక లాండ్రీ వెనక గదిలో కూర్చుని ప్యాంట్లు పొట్టి చేస్తుంది, జిప్పులు మారుస్తుంది. వీళ్లు వెళ్లేసరికి ఒక కోటుకి లోపలి గుడ్డ మారుస్తోంది. నోటి నిండా గుండుసూదులు. వాటి సందుల్లోంచే మాట్లాడింది.

"రండి అల్లుడుగారూ. ఆ ప్యాంటు దుకాణంలో కొన్నదేనా? తెలుస్తూనే ఉంది. ఎడమకాలు పొడుగు."

"ఎడమకాలే పొట్టేమో పిన్నిగారూ" అన్నాడతను.

"విప్పి ఇస్తే చూసి చెప్తాను."

"ఇక్కడ వద్దులెండి. లాండ్రీవాడు బెదురుతాడు."

కత్తెరమ్మ ఆ నవ్వులు అయ్యేదాకా ఆగలేకపోయింది. బల్ల అంచు మీద చేతులు ఆనించి, నిలబడే మొదలుపెట్టింది. "పిన్నీ, నువ్వు హోటల్ వాళ్ల ఆర్డరు కాదన్నావు, గుర్తుందా?"

పిన్ని చేతులు కోటు మీద ఆగాయి.

"అదెందుకే ఇప్పుడు."

"నా పుస్తకంలో రాశాను. ఎంత బాగా కాదన్నావు నువ్వు. ఆ పిల్లకి మాటిచ్చావని..."

"ఏ పిల్లకి?"

"గౌను. బడిపిల్ల గౌను."

"అది అప్పటికే అయిపోయింది. ఒక్క బొత్తాం కుట్టాలి, అంతే." పిన్ని మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది. సూది దిగడం, లేవడం, అదే తూకంలో మాట. "వాడు టీ గ్లాసు తీసుకెళ్లి తెల్లగుడ్డ మీద పెట్టాడు. గుండ్రంగా మరకపడింది. అదేంటండీ అంటే, ఉతికితే పోతుందిలే అన్నాడు. ఒళ్లు మండింది. నీ పని నాకక్కర్లేదు ఫో అన్నాను. అది కాదనడం కాదు, కోపం."

"నేను చూశాను పిన్నీ. నువ్వు కదల్లేదు."

"ఆ సాయంత్రం కదల్లేదు. రాత్రంతా దొర్లాను. పొద్దున్నే నువ్వు నిద్ర లేవకముందే పరిగెత్తాను. హోటల్ వెనక గుమ్మం దగ్గర నిలబడి బాబూ తప్పయింది, ఇవ్వండి అని అడిగాను. అప్పటికే వేరేవాళ్లకి ఇచ్చేశారు." దారం కత్తెరతో తెంపింది. "తర్వాత ఏడాది దుకాణం మూసేశాం కదా."

గదిలో ఇస్త్రీ ఆవిరి వాసన. గోడకవతల బట్టలుతికే పెద్ద మిషను తిరుగుతున్న చప్పుడు. కత్తెరమ్మ మొగుడు స్టూలు మీద కూర్చుని తన ఎడమకాలి ప్యాంటు అంచు చూసుకుంటున్నాడు.

"రేడియోలో ఒక సారు వస్తాడు" అంది పిన్ని. "పరుపుల కంపెనీ ఆయన. వాళ్లమ్మకి కూడా అచ్చం ఇలాగే జరిగిందట, హోటల్ వాళ్లే. ఆవిడ మాత్రం గట్టి మనిషి. కాదంటే కాదంది. కొడుకు అంతవాడయ్యాడు. ఆయన అది మొదలుపెడితే నేను రేడియో ఆపేస్తాను. ఆవిడలా నేనూ ఉండి ఉంటే అనిపిస్తుంది. కనీసం అడుక్కోకుండా ఉండి ఉంటే."

కత్తెరమ్మ ఇన్నాళ్లుగా ఆ కథ ఎవరి చేతుల్లోకి వెళ్లింది, ఎవరి పేరు పడింది అనే చూసుకుంది గానీ, అది తిరిగి తిరిగి ఈ వెనక గదిలోకి వచ్చి ఈ మనిషినే కుట్టిపోతోందని అనుకోలేదు.

"పిన్నీ, ఆ అమ్మ లేదు."

"పోయిందా పాపం. ఎప్పుడు?"

"అలా కాదు. ఆవిడ నువ్వే. ఆయన పుస్తకంలో ఆ కథ నేనే రాసిపెట్టాను, నిన్ను చూసి."

పిన్ని నోట్లో మిగిలిన గుండుసూదులు తీసింది, ఒక్కొక్కటే, తొందరేమీ లేకుండా, మణికట్టుకి కట్టుకున్న సూదుల దిండులో గుచ్చింది. నోరు ఖాళీ అయ్యాక అడిగింది.

"నేనా? మరి పరిగెత్తింది ఎవరే?"

పిన్ని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు కాసేపు. ఆ తర్వాత నవ్వే అని తేలింది. పొట్ట పట్టుకుని, కోటులో మొహం దాచుకుని, భుజాలు ఎగిరేలా నవ్వింది. "చూశారా అల్లుడుగారూ? నన్ను చూసి నేనే కుళ్లుకుంటున్నాను ఇన్నేళ్లూ." చెంగుతో కళ్లు తుడుచుకుంది. తుడిచినకొద్దీ ఊరుతున్నాయి. నవ్వు ఆగిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉంది. కత్తెరమ్మ బల్ల చుట్టూ తిరిగొచ్చి ఆవిడ పక్కన స్టూలు అంచు మీద ఇరుక్కుని కూర్చుంది. పొద్దుటినుంచీ ఆమె ఒకచోట కుదురుగా కూర్చోవడం అదే మొదలు.

"నీ పేరు మీద రాసిస్తావా అని అడగడానికి వచ్చాను" అంది. "ఇది నీదే అని."

"నాది కాదు కదే. నేనలా చెయ్యలేదుగా."

"నువ్వు చేసింది రాస్తే?"

పిన్ని కోటు తిరగేసింది, మళ్లీ తిరగేసింది. కుట్టు సరిగ్గానే ఉంది.

"హోటల్ గుమ్మం కూడానా?"

"అదే కావాలి. నువ్వు వద్దంటే రాయను."

"లాండ్రీవాడు చదువుతాడా?"

"వ్యాపారం పుస్తకాలు చదువుతాడా?"

"వాడు లెక్కే సరిగ్గా రాయడు." పిన్ని ఆలోచించింది. "రాసుకో. పరిగెత్తానని మాత్రం రాయకు. గబగబా నడిచాను."

"ఇందాక నువ్వే అన్నావు పరిగెత్తానని."

"అంటాను. మాట వేరు, అచ్చు వేరు. నీకు నేను చెప్పాలా."

*

ఆమె గురువారం పొద్దున్న వంటింటి బల్ల దగ్గర కూర్చుని మొదటి అధ్యాయం మళ్లీ రాసింది. రాయడం కంటే లేవడం ఎక్కువైంది. లేచి నీళ్లు తాగింది, మొగుడు పనికి వెళ్తూ వదిలేసిన చొక్కా మడతపెట్టింది, కూర్చుంది. ఒక వాక్యం నున్నగా వచ్చినప్పుడల్లా చెయ్యి దానంతటదే ముచ్చటపడి ఆగేది. అలా ఆగినచోటల్లా వెనక్కెళ్లి చూస్తే, పిన్ని కొంచెం పొడుగయ్యేది, కొంచెం నిటారుగా అయ్యేది. కొట్టేసింది. టీ గ్లాసు దగ్గర పాఠం ఒకటి తయారుగా వచ్చి కూర్చుంది. అదీ కొట్టేసింది. చివర హోటల్ వెనక గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఆ వాక్యాలు కుదురుగా లేవు, పొడుగూ పొట్టీగా ఉన్నాయి. వాటినలాగే వదిలేసింది. పిన్ని తను గబగబా నడిచాననే అంటుంది అని కూడా రాసింది.

ఆఫీసుకి బయల్దేరే ముందు పరుపులాయనకి ఫోన్ చేసింది.

"మీ అమ్మగారి కథ తీసేశాను సార్."

"ఎందుకు తల్లీ? ఇచ్చాను కదా."

"అది మీరే ఉంచుకోండి. మా పిన్నిది వేరే. ఆవిడ మర్నాడు వెళ్లి మళ్లీ అడిగింది."

"అడిగితే ఇచ్చారా?"

"లేదు సార్."

"మరి అందులో ఏముందమ్మా?" అన్నాడాయన, ఎగతాళిగా కాదు, తెలియక. ఆమె కూడా తెలియదనే చెప్పింది.

చిన్న ఎడిటర్ కాగితాలు తీసుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. పెన్సిలు చేతిలోనే ఉంది. ఆమె ఎదురుగా కూర్చోలేక గది ఈ చివరనుంచి ఆ చివరదాకా తిరిగింది. అలమారాలో పుస్తకాలు చూస్తున్నట్టు నటించింది, చెక్కుడు మిషను పిడి తిప్పింది. వాడు పేజీ తిప్పినప్పుడల్లా మెడ సాచింది. టీ గ్లాసు మరక రాసినచోట వాడు పెన్సిలు ఆనించాడు, కానీ గీయలేదు. చివరి పేజీ చదివి, వెనక ఇంకేమైనా ఉందేమోనని కాగితం తిరగేశాడు. ఖాళీగా ఉంది.

"ఇక్కడ ఒక వాక్యం పడాలి మేడమ్" అన్నాడు. "దీన్నించి మనం ఏం నేర్చుకోవాలి అని. మీరే చెప్పేవారు కదా, అధ్యాయం అలా గుమ్మం దగ్గర వదిలేయకూడదని."

"చెప్పేదాన్ని."

"వేద్దామా మరి?"

"నీకు తోస్తే నువ్వే వెయ్యి."

వాడు పెన్సిలు తీసుకుని ఆలోచించాడు. కిటికీ కింద ఎవరో బండి మీదనుంచి పెట్టెలు దింపుతున్నారు. మొదట వేసిన చుక్క ఒకటి కాగితం మీద ఉండిపోయింది. దాని పక్కన ఏమీ పడలేదు. కొంతసేపటికి వాడు చివరి పేరా మళ్లీ చదవడం మొదలుపెట్టాడు. ఈసారి పెదాలు కదులుతున్నాయి, లోపల ఎవరితోనో మాట్లాడుతున్నట్టు. పెన్సిలు బల్ల మీద పెట్టాడు. అది దొర్లి కింద పడింది, తీయలేదు.

"మా నాన్న కూడా ఒకసారి ఇలాగే వెళ్లాడు మేడమ్" అన్నాడు. "వద్దని వచ్చేసినచోటికే. నన్ను బయట నిలబెట్టి లోపలికెళ్లాడు. వచ్చాక ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. మా ఇంట్లో ఎవరికీ తెలీదు ఇప్పటికీ."

కత్తెరమ్మ వాడికెదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏం దుకాణం మీ నాన్నగారిది?" అంది.